219వ నంబరు రోడ్డు మీద ఏనుగు

మా ఇంట్లో ఒక ఏనుగు గురించి పాతికేళ్ళకి పైగా గొడవ నడుస్తోంది. చిన్నప్పుడు మదనపల్లె నుంచి కుప్పం వెళ్తుంటే, వి.కోట దగ్గర రోడ్డుకి అడ్డంగా ఒక ఏనుగు నిలబడిందని నేనంటాను. దాని చెవులు, తొండం మీద ఎర్రమట్టి, వెనకాల ఆగిపోయిన లారీల వరుస, అన్నీ నాకు బాగా గుర్తు. "రేయ్, నువ్వు ఏనుగునీ చూడలే, ఎలకనీ చూడలే. అంతసేపూ నా ఒళ్ళో నిద్రపోతా ఉండావు" అంటుంది అక్క. నాన్న నవ్వి ఊరుకుంటాడు, ఎవరి పక్కా మాట్లాడడు. అమ్మ ఆ సమయానికి ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

పోయిన సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టిస్తుంటే అటక మీద నాన్న కారు నోట్‌బుక్ దొరికింది. కారు కొన్న రోజు నుంచి అమ్మేసిన రోజు దాకా ప్రతి ప్రయాణమూ అందులో ఉంది. తారీకు, బయల్దేరిన టైము, మీటరు రీడింగు, పోయించిన పెట్రోలు, ఆగిన చోట్లు. సాఫ్ట్‌వేర్‌లో బతికేవాణ్ణి కాబట్టి నాకది అచ్చం లాగ్ ఫైల్‌లా కనిపించింది. ఏనుగు గొడవ ఇక తేలిపోతుందనుకున్నాను. తేలింది. దాంతోపాటు నేను వెతకని విషయం ఇంకోటి బయటపడింది. అది చెప్పాలంటే ముందు ఆ రోడ్డు గురించి చెప్పాలి.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. ఈ వరుస నాకు ఎక్కాల కంటే ముందు వచ్చింది. మొత్తం 120 కిలోమీటర్ల లోపే. అప్పట్లో దాని పేరు జాతీయ రహదారి 219. మదనపల్లెలో మొదలై, కుప్పం దాటి, తమిళనాడులోని కృష్ణగిరి దాకా పోయేది. 2010లో దేశమంతా హైవేలకి కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు, అనంతపురం, కదిరి వైపు నుంచి దిగివచ్చే 42లో ఇది కలిసిపోయింది. మా ఇంట్లో మాత్రం ఇంకా 219 అనే అంటాం.

ఈ ఊళ్ళ మధ్య రోడ్డు తప్ప వేరే దారి లేదు. జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంట్‌కి 1864లో వేసిన లైను మీద ఉంది కాబట్టి కుప్పానికి రైలు చాలా ముందే వచ్చింది. మదనపల్లె వైపు పాకాల–ధర్మవరం మీటర్ గేజి లైను 1890లలో వచ్చింది గానీ స్టేషన్ ఊరికి చాలా దూరం. అందుకే దాని పేరు 'మదనపల్లె రోడ్'. స్టేషన్ పేరు చివర రోడ్ అని ఉంటే, ఊరు ఇక్కడ లేదు, దిగి ఇంకో బండి ఎక్కు అని అర్థం. ఇక పుంగనూరుకైతే అసలు రైలే లేదు. మదనపల్లెలో పుట్టినవాడు రైల్లో కుప్పం వెళ్ళాలంటే సగం రాయలసీమ చుట్టి రావాలి. అందుకే ఈ మూడు ఊళ్ళ మధ్య పెళ్ళిళ్ళూ చావులూ బేరాలూ అన్నీ రోడ్డు మీదే నడిచాయి.

చిత్తూరు జిల్లా అనగానే చాలామందికి తిరుపతి ఎండ గుర్తొస్తుంది. మా రోడ్డు అలాంటిది కాదు. ఇది మైసూరు పీఠభూమి అంచు మీద, 600 మీటర్లకి పైన పోతుంది. పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగితే గానీ చిత్తూరు రాదు. మే నెలలో కూడా తెల్లవారుజామున కారు అద్దం దించితే చలేసేది.

రోడ్డు కదల్లేదు గానీ దాని మీది గీతలు చాలాసార్లు కదిలాయి. 1911కి ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు ఒక జమీను, అది ఉత్తర ఆర్కాటు జిల్లా. కుప్పం చుట్టుపక్కల కంగుంది జమీను, అదీ ఉత్తర ఆర్కాటే. అంటే పుంగనూరుకి ఇరవై కిలోమీటర్లు బండి తోలితే జిల్లా మారిపోయేది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు వీటన్నిటినీ ఒకచోట కట్టారు. 1948 చట్టంతో జమీన్లు పోయాయి. 1953లో జిల్లా ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది. 1960లో సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి మద్రాసుకి పోయింది, కుప్పం ఇటే ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాకి వెళ్ళింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో మిగిలాయి. 111 ఏళ్ళ తర్వాత మదనపల్లెకీ పుంగనూరుకీ మధ్య మళ్ళీ జిల్లా గీత పడింది. రేపు ఇంకోలా మారొచ్చు. కారు వెనక సీట్లో కూచున్న పిల్లలకి ఇవేవీ కనపడవు. వాళ్ళకి సరిహద్దు అంటే మజ్జిగ అమ్మే చోటు, మూత్రానికి ఆగే చింతచెట్టు.

పిల్లల్ని ఎక్కించుకుని ఊరికే ప్రయాణం చేయడం అనేది మన చరిత్రలో చాలా కొత్త సంగతి. పాత ప్రయాణాలకి ఒక కారణం ఉండేది, మొక్కో, వ్యాజ్యమో, కరువో. తెలుగులో యాత్ర అనగానే గుర్తొచ్చే ఏనుగుల వీరాస్వామి (ఈయనకీ నా ఏనుగుకీ సంబంధం లేదు) 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఇంటి ఆడవాళ్ళు, బంధువులు, నౌకర్లు, బోయీలు కలిసి వందమంది దాకా ఉన్న పరివారం. ఆయన మా రోడ్డున రాలేదు, తూర్పున తిరుపతి, కడప మీదుగా పోయాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'లో ఎక్కడ ఆగారు, నీళ్ళు ఎలా ఉన్నాయి, దినుసులు దొరుకుతాయా, దారి గట్టిదా బురదా, అన్నీ ఉంటాయి. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన మనిషి, లెక్క పక్కాగా ఉంటుంది. వెంట వచ్చిన ఆడవాళ్ళకి కాశీ ఎలా కనిపించిందో మాత్రం వాళ్ళ మాటల్లో మనకి దొరకదు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆ పుస్తకం మొదటిసారి తిరగేశాను. అప్పుడు ఈ సంగతి నాకు తట్టలేదు.

తర్వాత బస్సులొచ్చాయి. 1958లో ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. మా తాతల తరానికి ప్రయాణమంటే బస్సే, ఎక్కే ముందు పిల్లల తలలు లెక్కపెట్టుకోవడమే. 1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఒక కొనుగోలుదారుకి అందాయి. పదేళ్ళు తిరిగేసరికి ఆ కార్లు సెకండ్ హ్యాండ్‌లో మాలాంటి చిన్న ఊళ్ళ గుమస్తాల దాకా వచ్చాయి. నాన్న కొన్నదీ అదే, తెల్లది. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. మధ్యలో ఉన్న ముప్పై ఏళ్ళే ఒక తరం పిల్లలకి 'కార్లో ఊరికి పోవడం' అనే జ్ఞాపకాన్ని ఇచ్చాయి. ఏసీ లేదు, ఫోన్ లేదు, మ్యాప్ లేదు. కిటికీ ఉంది. కిటికీ సీటు కోసం నేనూ అక్కా కొట్టుకునేవాళ్ళం. అమ్మ మధ్యలో కూచునేది. ఒళ్ళో సద్ది గిన్నె, చేతిలో నా వాంతుల కోసం ప్లాస్టిక్ కవరు.

ఏడాదికి ఒకసారి, మే నెలలో, కుప్పంలో అవ్వ వాళ్ళింటికి. తెల్లారి అయిదింటికి బయల్దేరేవాళ్ళం. ఊరు దాటకముందే నాన్న చరిత్ర పాఠం మొదలయ్యేది. 1919లో టాగోర్ మన బీసెంట్ కాలేజీకి వచ్చినాడు, జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే, ప్రిన్సిపాల్ కజిన్స్ భార్య మార్గరెట్ ట్యూన్ కట్టింది ఇక్కడే. ప్రతి ఏడూ ఇదే మాట, ఇదే మలుపు దగ్గర. ఆ కాగితం మీద 1919 ఫిబ్రవరి 28 అని తారీకు ఉంటుందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ప్రాంతాల పేర్లు వరుసగా చెప్పుకుంటూ పోయే ఆ పాట, మా నాన్న ఊళ్ళ వరుస చెప్పడం, రెండూ నా బుర్రలో కలిసిపోయాయి. ప్రేయర్‌లో నిలబడి పాడుతుంటే మధ్యలో పలమనేరు వస్తుందేమో అనిపించేది.

పుంగనూరులో టీ కోసం ఆగేవాళ్ళం. జమీందార్ల ప్యాలెస్ చూపించి నాన్న ఏదో చెప్పేవాడు. మాకు కావాల్సింది ఆవు. పుంగనూరు ఆవు మూడడుగులు కూడా ఉండదు. ఏడేళ్ళ పిల్లాడు కళ్ళలోకి సూటిగా చూడగలిగే ఆవు ప్రపంచంలో ఇంకెక్కడుంటుంది? దాదాపు అంతరించిపోయే దశకి వచ్చిన ఆ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో ఈ ఆవులకి మేత పెడుతున్న ఫొటోలు వచ్చినప్పుడు, బెంగళూరులో మా ఆఫీసువాళ్ళు నాకు పంపించి "ఇది మీ ఊరిదేనా?" అనడిగారు. నాకు టీ గ్లాసు, చలి, నాన్న స్వెటర్ గుర్తొచ్చాయి.

పలమనేరు దాటాక సద్ది విప్పేవాళ్ళం. నిమ్మకాయ చిత్రాన్నం, ఊరిబిండి, పెరుగన్నం. తర్వాత మల్బరీ తోటలు. ఎక్కడో పట్టుగూళ్ళు ఉడికే వాసన. వి.కోట దగ్గరికి వచ్చేసరికి బోర్డుల మీద కన్నడం, కుప్పంలో తమిళం. అవ్వ మాట్లాడే తెలుగులో మూడు భాషలు ఉండేవి. అమ్మ కుప్పంలో కాలు పెట్టగానే ఆమె మాట కూడా మారిపోయేది, గొంతు పెరిగేది. మదనపల్లెలో మా జేజి ఆమె యాసని ఎక్కిరిస్తుందని, అందుకే ఇంట్లో తక్కువ మాట్లాడుతుందని నాకప్పుడు తెలీదు.

ఇక ఏనుగు. ఆంధ్రలో దాదాపు రెండు వందల ఏళ్ళ పాటు అడవి ఏనుగులు లేవు. 1980ల మధ్యలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఒక మంద కుప్పం, పలమనేరు వైపు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. అప్పటి నుంచి చెరుకు, వరి, మామిడి తోటల్లో పడటం, టపాసులు, కందకాలు, కరెంటు తీగలు. రైతులూ చచ్చిపోయారు, ఏనుగులూ చచ్చిపోయాయి. కాబట్టి మా రోడ్డు మీద ఏనుగు కనపడటం జరగని పని కాదు. నేను చూశానన్నది ఆ రకంగా నమ్మదగ్గ మాటే.

నమ్మదగినదే అయితే మనసు దాన్ని ఇంకా సులువుగా కల్పించుకుంటుందట. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ ఒక ప్రయోగం ప్రచురించారు. 24 మందికి వాళ్ళ చిన్ననాటి సంగతులు నాలుగు ఇచ్చారు. మూడు ఇంట్లోవాళ్ళు చెప్పిన నిజాలు, ఒకటి కల్పన, 'నువ్వు అయిదేళ్ళప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావు' అని. దాదాపు పావు వంతు మంది ఎంతో కొంత గుర్తుందన్నారు. అంతకు చాలా ముందే, 1925లో, ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త మారిస్ హాల్బ్వాక్స్ ఒక మాట అన్నాడు. మనం ఒంటరిగా గుర్తుపెట్టుకోం, ఇల్లూ ఊరూ కలిసి మన చేత గుర్తుపెట్టిస్తాయి అని దాని సారం. మా నాన్న ఏనుగు కథని ఎన్ని పండగలకి ఎంతమంది చుట్టాలకి చెప్పి ఉంటాడో! నా ఏనుగు చెవుల మీద ఆ చుట్టాల నవ్వులన్నీ ఉన్నాయి.

దీనికి పూర్తిగా అటువైపు నిలబడే మనిషి కూడా మా ఊళ్ళోనే పుట్టాడు. 1895 మేలో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, బదిలీల మీద ఊళ్ళు తిరిగిన కుటుంబం. 1905లో కడపలో తల్లి సంజీవమ్మ పోయింది. 1909లో అడయారు చేరారు. తన చిన్నతనం తనకి దాదాపు ఏమీ గుర్తులేదని ఆయన పెద్దయ్యాక చెప్పేవాడని జీవితచరిత్ర రాసిన మేరీ లుట్యెన్స్ నమోదు చేసింది. జ్ఞాపకం బరువు అని జీవితమంతా చెప్పిన మనిషికి అది సరిపోయే సంగతే అనిపిస్తుంది. కానీ నాకెందుకో, తల్లి పోయాక ఆ బదిలీల ఊళ్ళ గురించి 'అప్పుడు నువ్విలా చేశావురా' అని పదే పదే చెప్పే గొంతు ఆ ఇంట్లో ఆగిపోయి ఉంటుందని కూడా అనిపిస్తుంది. ఇది నా ఊహే. కానీ చెప్పేవాళ్ళు లేని ఇంట్లో చిన్నతనం ఎక్కువ కాలం నిలవదని నేను చూశాను.

నోట్‌బుక్ దగ్గరికి వస్తే, ఆ రోజు దొరికింది. 1997 మే చివరివారం. నాన్న చేతిరాత: "వి.కోట దగ్గర 1 గంట ఆగినాము. ముందర ఏనుగులు అని చెప్పినారు." అంతే. చెప్పినారు, చూసినాము కాదు. అక్క గెలిచింది. ఇంకో తేడా కూడా ఉంది. పైన కుప్పం దగ్గర రాసుకున్న మీటరు రీడింగు చూస్తే ఆ రోజు మేం కుప్పం వెళ్ళట్లేదు. కుప్పం నుంచి మదనపల్లెకి తిరిగొస్తున్నాం. నేను పాతికేళ్ళుగా ఏనుగునే కాదు, కారుని కూడా తిరగేసి గుర్తుపెట్టుకున్నాను.

ఈ మాట వంటింట్లోకి వెళ్ళి అమ్మకి చెప్పాను. కూరగాయలు తరుగుతోంది. తలెత్తలేదు.

"తిరిగొస్తా ఉన్నిందే. నాకు తెలుసు కదా."

"తెలిస్తే ఇన్నేళ్ళూ చెప్పలేదేమ్మా?"

"మీరు ఏనుగు గురించి కదా అడుగుతా ఉన్నింది."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ ఏడు అవ్వకి ఒంట్లో బాగుండలేదు. పది రోజులు ఉండి బయల్దేరింది. ఇంకో వారం ఉంటానని అడగడానికి నోరు రాలేదు, జేజి ఒప్పుకోదని తెలుసు. వి.కోట దగ్గర బండ్లు ఆగిపోయి, ముందర ఏనుగులున్నాయి, రోడ్డు ఎప్పుడు వదుల్తారో తెలీదు అని ఎవరో చెప్పారు. "ఆ గంటసేపూ మొక్కుకుంటా కూచున్నా నాయనా. ఆ ఏనుగులు ఆడే ఉండనీ, కదలకుండా ఉండనీ అని. రోడ్డు వదలకపోతే మీ నాయన బండి తిప్పుతాడు, మళ్ళా మా అమ్మ దగ్గరికి పోదామని."

రోడ్డు వదిలారు. నోట్‌బుక్‌లో తర్వాత కుప్పం ప్రయాణం అదే ఏడు నవంబరులో ఉంది. రాత్రి 11.40కి బయల్దేరారు. ఆగిన చోట్లు అన్న గడి ఖాళీగా ఉంది. నన్నూ అక్కనీ జేజి దగ్గర వదిలి వెళ్ళారు. మాకు ఆ ప్రయాణం గుర్తులేదు, ఎందుకంటే అందులో మేం లేం. అవ్వ చనిపోయిందని మాకు రెండ్రోజుల తర్వాత చెప్పారు.

నేను చాలాసేపు ఆ నోట్‌బుక్ తిరగేశాను. ఎనిమిదేళ్ళ ప్రయాణాలు. పెట్రోలు ధర పెరగడం ఉంది, టైర్లు మార్చడం ఉంది, నాకు జ్వరం రావడం కూడా ఉంది. అమ్మ పేరు ఒక్కచోట కూడా లేదు. నాన్న చెడ్డవాడని కాదు. ఆయన ఆమెని ఎంత ఇష్టంగా చూసుకున్నాడో నేను చూశాను. లెక్క రాసే మనిషికి లెక్కలో పడేవే కనిపిస్తాయి. కలెక్టరాఫీసుకి జిల్లా గీత, నాన్నకి మీటరు, నాకు ఏనుగు. ఒకే రోడ్డు మీద ఆమెకి రెండు రోడ్లు ఉండేవి. అటు వెళ్ళేది ఒకటి, ఇటు వచ్చేది ఒకటి. మేం మా చిన్నప్పటి ప్రయాణాలు అంటూ తలుచుకునేదంతా మొదటిదే. రెండో దాని గురించి ఆమెని ఎవరూ అడగలేదు, నాతో సహా.

పోయిన నెల అమ్మని కుప్పం తీసుకెళ్ళాను. నాన్న మోకాళ్ళ నొప్పని రాలేదు, నోట్‌బుక్ మాత్రం ఇచ్చి పంపించాడు. మొట్టమొదటిసారి ఆమెని ముందు సీట్లో కూచోబెట్టాను. సీటు బెల్టు పెట్టుకోవడానికి కొంచెం సిగ్గుపడింది. పుంగనూరు దాటినాక, "ఇంత వెడల్పు కనపడుతుందా ఈడ్నించి" అంది. ఇన్నేళ్ళలో ఆమెకి ఈ రోడ్డు ఎక్కువగా వాసనలతోనే తెలుసట. తల వంచుకుని నా నోటి దగ్గర కవరు పట్టుకున్న మనిషికి కిటికీ ఎక్కడ కనపడుతుంది? చింతచెట్లు చాలా పోయాయి. 'ఏనుగులు తిరుగు ప్రాంతం' అన్న బోర్డు దగ్గర కారు ఆపాను. దిగి కాసేపు నిలబడింది, ఏమీ మాట్లాడలేదు.

వచ్చేటప్పుడు మదనపల్లె పొలిమేరలో అద్దం దించాను. టమేటా మార్కెట్ రోజులు, లారీలు వరుస కట్టి ఉన్నాయి. ఆ పులిసిన వాసన వస్తే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది, ఇల్లొచ్చేసిందని. అదే చెప్పాను.

"నాకు ఈ వాసనొస్తే కడుపులో దిగులయ్యేది" అంది అమ్మ. "వచ్చేసినాం అని."

ఇంటికొచ్చాక నోట్‌బుక్‌లో తారీకు, మీటరు రీడింగు రాశాను. ఆగిన చోట్లు అన్న గడిలో ఏం రాయాలో ఆమెనే అడిగాను. "ఏనుగుల బోర్డు కాడ పది నిముషాలు అని రాయి" అంది. రాశాను.